గులాబీ చుక్కకు మేత

మిరప వేళ్ల మట్టిలోంచి మూడు రకాల బాక్టీరియాను వేరుచేసి, ఒకే గొట్టంలో కాపురం పెట్టించింది నజ్మీన్. రోజూ ఒక్క చుక్క తీసి, మేత పోసిన కొత్త గొట్టంలో వేయాలి. లేకపోతే మేత లేక చస్తాయి. కాస్త ప్లేటు మీద పూస్తే ఒక్కో రకం ఒక్కో రంగు చుక్కలుగా మొలుస్తుంది. ఎవరు ఎవరిని బతకనిస్తారో చూడటమే గుంటూరు శివారు ల్యాబులో ఆమె పని.

నంబర్లతో తికమకగా ఉందని ఇంట్లోవాళ్ల పేర్లు చీటీ మీద రాసి స్టాండుకు అంటించింది. పసుపుది అత్త కరీమున్. తెల్లది భర్త ముదస్సిర్. గులాబీది ఏడేళ్ల కూతురు నస్రత్.

"బతికున్నోళ్ల పేర్లు పెట్టమాకండి మేడమ్," అన్నాడు సీసాలు కడిగే యేసుపాదం.

నజ్మీన్ నవ్వేసింది. చదువుకున్నవాళ్లకు నవ్వు తొందరగా వస్తుంది మరి.

పదో రోజు ప్లేటు మీద పసుపు చుక్కలు లేవు. మధ్యాహ్నానికి ఫోను. కళ్లంలో మిరపకాయలు ఎండబోస్తూ కరీమున్ కుప్పకూలి, అక్కడే ప్రాణం వదిలిందట. పెద్దవయసులే అనుకున్నారందరూ. పద్నాలుగో రోజు తెల్లవి మాయమయ్యాయి. ఆ సాయంత్రమే దర్శి రోడ్డు మీద ముదస్సిర్ బండి...

ఏడవడానికి కూడా తీరిక లేదు నజ్మీన్‌కు. ఒక్కరోజు మేత తప్పితే నస్రత్ ఏమైపోతుందో! మర్నాడు ఖననం కాగానే, గడప దాటతావా అని చుట్టాలు అరుస్తున్నా వినకుండా, పిల్లను తీసుకుని ల్యాబుకు పరుగెత్తింది. నస్రత్ అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి.

లోపల ఎవరూ లేరు. మిరప ఘాటు. ఫ్రిజ్ రొద.

ప్లేటు తీసింది. నిండా గులాబీ చుక్కలే. హమ్మయ్య... బతికే ఉంది.

అంచున ఇంకేదో ఉంది. నల్లటి చుక్క. ఆమె వేయనిది. గులాబీ దాన్ని నాలుగువైపులా కమ్ముకొస్తోంది...

"అమ్మీ," గుసగుసలాడింది నస్రత్. "నీ పేరు మర్చిపోయావు. అందుకే నేను రాశా."

చీటీ చూసింది. మూడు పేర్ల కింద వంకర అక్షరాలు. నల్లది, నజ్మీన్. సిరా ఎప్పుడో ఎండిపోయి ఉంది.

"ఎప్పుడు రాశావు తల్లీ?"

"నిన్న. నానమ్మ చెయ్యి పట్టుకుని రాయించింది."

నజ్మీన్ కొత్త గొట్టం అందుకుంది. చుక్క వేస్తే గులాబీ ఇంకా పెరుగుతుంది. నల్లదాన్ని మింగేస్తుంది. వేయకపోతే... నస్రత్.

కన్నతల్లి కదా. వేసింది.

అప్పుడు తట్టింది. రేపు తను లేకపోతే గులాబీకి మేత ఎవరు వేస్తారు? నేల మీద కూలబడింది.

నస్రత్ వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

"భయపడకమ్మీ. రేపటి నుంచి నానమ్మ వేస్తానంది."