పలక మీది మొదటి పేరు

మా లైబ్రరీలో పేపరును తలకిందులుగా పట్టుకుని చదివే మనిషి ఒక్కడే. అటెండర్ మొగులయ్య. అక్షరం ముక్క రాదు. అయినా రోజూ పొద్దున నేను కావాలనే పేపరు తిరగేసి చేతికిస్తే, కళ్ళద్దాలు సర్దుకుని, పెద్ద వకీలులాగా పది నిమిషాలు దాన్ని పరిశీలించేవాడు.

"ఏమన్నడు తాతా, వాన పడ్తదంటనా?"

"పడ్తదట బిడ్డా. జెర గట్టిగనే పడ్తదట."

చిత్రమేమిటంటే చాలాసార్లు పడేది కూడా.

ఇది 2007 సంగతి. ఇస్నాపూర్‌లో చిన్న లైబ్రరీ. ముందు గదిలో నా కౌంటరు, లోపల పేపర్లు చదివే గది, మధ్యలో తలుపులేని గుమ్మం. నేను సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. వయసు ఇరవై నాలుగు, చేతిలో కొత్త ఉద్యోగం, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వెటకారం. ఆ ఏడాదే ఎవరో పుణ్యాత్ములు మాకొక కంప్యూటర్ ఇచ్చారు. నెట్ కూడా పెట్టించారు. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. నెట్‌లో ఫ్రీగా దొరికే సరుకంతా తవ్వడం మొదలుపెట్టాను. పుస్తకాల జాబితా చేసేది, జాతకం చెప్పేది, ఫోటోకి మీసాలు పెట్టేది. మొగులయ్యకు కిరీటం పెట్టి ప్రింటు తీస్తే ఇంటికి తీసుకుపోయి గోడకు అంటించుకున్నాడు.

ఒకరోజు ఒక సైటు దొరికింది. దవాఖానల్లో వరుస నడపడానికి దేశం కాని దేశంలో ఎవరో చేసింది. పేర్లు ఎక్కిస్తే చాలు. ఎవరి వంతు వస్తే వాళ్ళ పేరును దొరసాని గొంతుతో అదే పిలుస్తుంది. చూడగానే నాకు మా పలక గుర్తొచ్చింది.

పలక సంగతి చెప్పాలి. బుధవారం పేపరుతో ఉద్యోగాల పేజీ వస్తుంది. మాకు వచ్చేది ఒక్కటే కాపీ. షిఫ్టు దిగిన కంపెనీ కార్మికులంతా దానికోసమే వచ్చేవాళ్ళు. కొట్లాటలు కాకుండా వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. గుమ్మం పక్కన పలక. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పేరు రాసుకోవాలి. చదవడం అయిపోయినవాడు పేపరు మడిచి తర్వాతి పేరు పిలవాలి. ఆ పేరుగలవాడు "వచ్చిన" అని పలికి లోపలికి పోవాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే, చదివినవాడే లేచొచ్చి పేపరు కౌంటర్లో అప్పజెప్పాలి.

రోజూ మూసేటప్పుడు మొగులయ్య పలక తుడిచేవాడు. పైన ఒక్క పేరు మాత్రం వదిలేసేవాడు. కొమురయ్య. తుడిచాక ఖాళీ గది వైపు తిరిగి, "కొమురయ్యా, ఇయ్యాలటికి బంద్. రేపు రా" అని తాళం వేసేవాడు.

"ఎవరు తాతా, నీ దోస్తా?" అని ఆటపట్టిస్తే తాళంచెవి నడుముకు దోపుకుని నడిచిపోయేవాడు. ముసలాయన తిక్క అనుకున్నాను.

ఒక మంగళవారం మొగులయ్య సెలవు పెట్టి బొంతపల్లి వీరభద్రుడి దగ్గరికి పోయాడు. నాకిదే అదననిపించింది. వచ్చేసరికి పలక ఖాళీ అయి కంప్యూటర్ పేర్లు పిలుస్తుంటే ఆయన మొహం చూడాలి! సైటు తెరిచాను. పలక మీద ఉన్న ఒక్క పేరూ మొదట ఎక్కించాను. ఒకటి, కొమురయ్య. పరీక్షకని కింద నా పేరు కొట్టాను. రెండు, వీరలక్ష్మి. తడిగుడ్డ పెట్టి పలకను అద్దంలా తుడిచేశాను.

బుధవారం సాయంత్రం నాలుగింటికి మొగులయ్య గుడి నుంచి నేరుగా వచ్చాడు. పలక చూశాడు. చేతిలోంచి ప్రసాదం పొట్లం జారిపోయింది.

"ఎవలు తుడిసిన్రు?"

"నేనే. కంప్యూటర్ల ఎక్కించిన తాతా. మీ దోస్తు పేరే ముందు..."

ఆయన నవ్వలేదు. గోడకానుకుని నిలబడి మెల్లగా చెప్పాడు. ఎనిమిదేళ్ళ కిందట కొమురయ్య అనే కార్మికుడు పలక మీద పేరు రాసుకున్నాడు. తర్వాతి వంతు ఆయనదే. ఇంతలో కంపెనీ సైరను మోగింది. "మళ్ళొస్త, నా పేరు తుడవకు" అని మొగులయ్యకు చెప్పి షిఫ్టుకు ఉరికాడు. ఆ పూటే కంపెనీలో రసాయనాలు మరిగే రియాక్టర్ పేలింది. కొమురయ్య తిరిగి రాలేదు.

"వాయిదా ఏసుకుంట వచ్చిన బిడ్డా. ఇన్నేండ్ల సంది రేపు రా, రేపు రా అనుకుంట. నిన్న ఆ మాట ఎవలన్న చెప్పిన్రా?"

ఎవరు చెప్తారు?

నాకు నవ్వూ వచ్చింది, అనుమానమూ వచ్చింది. ఇన్నాళ్ళు నేను ఏడిపించినందుకు ముసలాయన బదులు తీర్చుకుంటున్నాడు. కానీ బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి.

అయిదింటికి వాన మొదలైంది. ఒక్క మనిషి రాలేదు. ఆరున్నరకు కరెంటు పోయింది. కంప్యూటర్ మాత్రం బ్యాటరీ మీద వెలుగుతోంది. రోడ్డు మీద లారీల చప్పుడు కూడా వానలో మునిగిపోయింది. రోజూ సాయంత్రం వచ్చే కంపెనీల కుళ్ళు వాసన మాకు అలవాటే. ఇప్పుడొచ్చింది అది కాదు. తడిసిన బట్ట కాలుతున్న వాసన.

స్పీకర్లోంచి దొరసాని గొంతు వచ్చింది.

"కో... మురాయా."

తెర మీద మొదటి పేరు పసుపు రంగులోకి మారింది. అంటే మనిషి వచ్చి కూర్చున్నాడని.

"తాతా, నువ్వే ఏదో నొక్కినవ్ కదా?"

"నాకేడ వస్తది బిడ్డా ఆ మిషిని?"

నిజమే. ఆయన గుమ్మం దగ్గర ఉన్నాడు. మౌసు నా చేతి కింద ఉంది. అయితే ఇంకొకడున్నాడు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే చిన్నరాములు. మా వరుస తెరిచే లింకు వాడికి నేనే పంపాను. మొన్న వాడి హెయిర్ కటింగు మీద జోకులు కూడా వేశాను. వెంటనే ఫోన్ చేశాను.

"ఒరే, ఆటలు సాలు. ఆ పేరు నొక్కింది నువ్వే కదా?"

"ఏం పేరక్కా? ఈడ గూడ కరెంటు పోయె. కొవ్వొత్తి ముట్టించుకొని కూసున్న."

ఫోన్ పెట్టేశాను.

లోపలి గదిలో బల్ల కిర్రుమంది.

తర్వాత... పేపరు తిప్పిన చప్పుడు. ఒక పేజీ. కాసేపాగి ఇంకొకటి. తొందర లేకుండా, ఒక్కో ప్రకటన మీద వేలు పెట్టి చదివే మనిషి తిప్పినట్టు.

పిల్లి అనుకుందామని చూశాను. పిల్లి పేజీలు తిప్పదు.

మొగులయ్య నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా... ఆయన ఎనుక ఎవల పేరు రాసినవ్?"

నేను తెర చూశాను.

"నాదే."

బ్యాటరీ కుయ్యిమని ఒకసారి అరిచి ఆగిపోయింది. తెర నల్లబడింది. స్పీకరు చచ్చిపోయింది. చీకటి. లోపల పేపరు మడుస్తున్నారు... ఒక మడత. ఇంకో మడత. అరచేత్తో సాపు చేస్తున్నారు.

"వీరలక్ష్మి."

దొరసాని గొంతు కాదు. మగ గొంతు. పొగ మింగినట్టు బొంగురుగా.

ఎవరైనా పేరు పిలిస్తే పలకడం నాకు బడి నుంచి అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంది. మొగులయ్య అరచెయ్యి నా నోటి మీద పడింది.

"పలుకకు," చెవిలో అన్నాడు.

"వీరలక్ష్మి."

పలికితే లోపలికి పోవాలి. పలక్కపోతే... మూడోసారి తర్వాత ఆయనే లేచి ఇక్కడికి వస్తాడు. కౌంటర్ దగ్గరికి. పేపరు నా చేతికివ్వడానికి.

బల్ల మళ్ళీ కిర్రుమంది. లేవబోతున్నాడు.

"వీర..."

"వచ్చిన!"

అన్నది నేను కాదు. మొగులయ్య.

"నా మీద ఒట్టు, కదలకు," అన్నాడు. "వాయిదా ఏసింది నేను. కోపముంటే నా మీదనే ఉండాలె." నా నోటి మీంచి చెయ్యి తీసి, గుమ్మం దాటి, చీకట్లోకి పోయాడు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. వాన ఒక్కటే. రెండుసార్లు లేవబోయి, ఆయన పెట్టిన ఒట్టు గుర్తొచ్చి కూర్చున్నాను. "తాతా..." అన్నాను. అంత చిన్న గొంతు నాదేనా అనిపించింది.

కరెంటు వచ్చింది. మొగులయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మామూలుగానే ఉన్నాడు.

"ఎవ్వలు లేరు బిడ్డా. ఖాళీ. పా, బస్సు పోతది."

తాళం వేశాడు. గదివైపు తిరిగి ఏమీ అనలేదు. ఇక అనాల్సిన పని లేదేమో అనుకున్నాను.

పొద్దున వచ్చేసరికి ఎండ కాస్తోంది. సైటులో వరుస ఖాళీ. లోపల బల్ల మీద పేపరు చక్కగా మడిచి ఉంది. మొగులయ్య ఊడుస్తూ, "ఏందట్ల పీనుగు లెక్క మొకం వెట్టినవ్?" అని నన్నే ఏడిపించాడు. ప్రాణం లేచొచ్చింది. అంతా మామూలే. మామూలే అని నాకు నేను చూపించుకోవాలనిపించి, రోజూలాగే ఆ రోజు పేపరు తిరగేసి ఆయన చేతికిచ్చాను.

"ఏమన్నడు తాతా, వాన పడ్తదంటనా?"

మొగులయ్య అద్దాలు సర్దుకున్నాడు. పేపరు వైపు ఒక్క క్షణం చూశాడు.

మెల్లగా, దాన్ని సరిగ్గా తిప్పి పట్టుకున్నాడు. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పుతూ పోయి... లోపలెక్కడో మూలనున్న నాలుగు ఉద్యోగాల ప్రకటనల దగ్గర ఆగాడు. మొదటి వరుస మీద వేలు పెట్టాడు.

పెదవులు కదులుతున్నాయి.