కృపావతి కారుకి నీలం రంగు

అరకులో సంతరోజు. సన్నగా చినుకులు. బురదలో జారిన రవిబాబు మోటార్ సైకిల్, రోడ్డు పక్కన ఆగివున్న నీలం కారు ముందు బంపర్‌ని ఒరుసుకుంటూ పోయి ఆగింది.

కారులోంచి ఒక అమ్మాయి దిగింది. ముందు అతని మోకాళ్ళ వంక చూసింది. దెబ్బ తగల్లేదని తెలిశాక బంపర్ వంక చూసింది. కోపం ఆ తర్వాతే వచ్చింది.

“ఏటి బాబూ, ఇంత రోడ్డు ఒగ్గేసి నా కారే దొరికిందేటి నీకు?”

“తప్పు నాదేనండి. నానే బాగు సేసి ఇత్తాను. కార్లకి రంగులేసే పనే నాది.”

“రంగులేసీవోడివి, రంగు గోకేత్తన్నావా?”

ఆమె పేరు కృపావతి. ఆ చుట్టుపక్కల టూరిస్టు కారు నడిపే ఆడపిల్ల ఆమె ఒక్కతే. మర్నాడు మధ్యాహ్నం, కొత్తగా తెరిచిన గెస్ట్ హౌస్ మేనేజర్ సింహాచలం ఆమె కారు తెస్తే చూస్తానన్నాడు. నచ్చితే సీజనంతా అతిథులను తిప్పే పని ఆమెదే. కానీ ఆడపిల్ల చేతికి ఘాట్ రోడ్డు అప్పజెప్పడమా అని ఆయన ముందే నసిగాడు. ఇప్పుడు బంపర్ మీద ఈ గీతలు చూస్తే ఇంక చెప్పేదేముంది.

సంగతి విన్న రవిబాబు వెంటనే ఆమె కారును తన షెడ్డుకి తీసుకురమ్మన్నాడు. బంపర్‌ని సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డకి కాస్త పెట్రోలు అద్ది తుడిచాడు. సగం గీతలు మాయమయ్యాయి.

“సూడండి, ఇవి మీ కారు రంగు పోయిన గీతలు కావు. నా బండి రంగే మీ కారుకి అంటుకుంది.”

“నీ రంగు నాకెందుకు? బేగి తుడిసెయ్.”

నవ్వు ఆపుకుందామని ఇద్దరూ చెరోవైపు తిరిగారు. ఆగలేదు.

మిగిలిన చోట్ల మాత్రం నిజంగానే రంగు లేచిపోయింది. అతను నీళ్ళు చల్లుతూ సన్నటి గరుకు కాగితంతో రుద్దుతుంటే, ఆమె కూడా ఒక ముక్క అందుకుంది.

“ప్లాస్టిక్కండి. గట్టిగా రుద్దకూడదు.”

“స్టీరింగ్ పట్టుకునే సేతులివి. దేన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలుసు.”

రవిబాబు ఆ చేతుల వంక చూశాడు. కాసేపు తన చేతిలో పని ఉందన్న సంగతే మర్చిపోయాడు.

సాయంత్రానికి అడుగుపూతగా వేసిన ప్రైమర్ ఆరింది. నీలం రంగు కొట్టేసరికి వాన జోరందుకుంది. షెడ్డులోకి చెమ్మగాలి కొట్టింది. చూస్తుండగానే రంగులో పాలు కలిపినట్టు తెల్లటి పొర కమ్ముకుంది.

“బాగానే ఉంది గదా?” అంది కృపావతి. ఆ మసక వెలుతురులో ఆమెకేమీ తేడా కనిపించలేదు.

అతను అవునంటే ఆమె కారు తీసుకుని వెళ్ళిపోయేదే.

“లేదండి. సెమ్మకి రంగు పాలిపోయింది. ఎండలోకెళ్తే తెలిసిపోద్ది,” అని రవిబాబు కూర్చుని, తాను వేసిన రంగును తానే రుద్ది తీసేయసాగాడు. ఎవరూ అడక్కుండానే, ఎవరినీ తిట్టకుండానే.

కృపావతి తనూ ఒక కాగితం ముక్క తీసుకుని అతని పక్కన కూర్చుంది.

తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. కొండల మీద ఎండ పరుచుకుంది. అతను పల్చగా ఒక పూత వేసి, ఆరనిచ్చి, మళ్ళీ వేశాడు. పొద్దున్నే మళ్ళీ వచ్చిన కృపావతి దుమ్ము పడకుండా అట్టముక్క అడ్డం పట్టుకుని నిలబడింది.

“కారు ఎవరు నేర్పారండి?”

“మా నాయన. డొంకరాయి రోడ్డులో జీపు తోలేవోడు. నన్ను పక్కన కూకోబెట్టుకుని గేర్లు నా సేత మార్పించేవోడు. ఇంక నన్ను అండీ గిండీ అనకు.”

చివరి పూత ఆరింది. గీతలు లేవు. అయితే ఎండకి వెలిసిన పాత నీలం పక్కన కొత్త నీలం కాస్త ముదురుగా ఉంది. ఆ సంగతి కూడా రవిబాబు దాచలేదు. గెస్ట్ హౌస్‌కి ఆమెతో తనూ బయల్దేరాడు.

సింహాచలం కారు చుట్టూ తిరిగి బంపర్ దగ్గర ఆగాడు.

“ఇక్కడ రంగేసినట్టుందే. ఎవర్ని గుద్దావమ్మా?”

“గుద్దింది నానండి,” అన్నాడు రవిబాబు. “ఆవిడ కారు ఆపుకునుంటే నా బండి జారి తగిలింది.”

“నువ్వెవరు? ఈ అమ్మాయి తాలూకా?”

రవిబాబు కృపావతి వంక చూశాడు.

“ఔను సార్. మా మనిషే,” అంది కృపావతి.

సింహాచలం ముందు సీట్లో కూర్చుని అనంతగిరి వైపు పోనివ్వమన్నాడు. రవిబాబు వెనక కూర్చున్నాడు. సగం దారిలో మంచు దిగింది. మలుపు తిరగ్గానే ఎదురుగా బస్సు. తప్పుకునే చోటు లేదు. సింహాచలం తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు.

కృపావతి తొణకలేదు. అద్దంలో చూసుకుంటూ, కొండవారగా కారును నెమ్మదిగా వెనక్కి నడిపి, రోడ్డు వెడల్పయిన చోట ఆపి బస్సుకి దారిచ్చింది. బస్సు డ్రైవర్ చెయ్యెత్తి వెళ్ళిపోయాడు. రవిబాబు అద్దంలో ఆమె కళ్ళనే చూస్తున్నాడు. ఆ లోయ, ఆ మంచు, ఆ బస్సు అన్నీ ఆ కళ్ళ మాట విన్నట్టే అనిపించింది.

సింహాచలం పిడి వదిలేశాడు. “మా అతిథుల్ని నువ్వే తిప్పమ్మా,” అన్నాడు.

ఆయన్ని దింపేశాక రవిబాబు ముందు సీట్లోకి మారాడు.

“మా మనిషన్నావు. ఆయనకి సెప్పడానికేనా?”

“నీకేటనిపించింది?”

“నిజమైతే బాగుణ్ణనిపించింది. నువ్వు కారు దిగి ముందు నా మోకాళ్ళు సూసావు సూడు, అప్పట్నించీ అనిపిత్తంది.”

కృపావతి కారును తన ఊరి దారి పట్టించింది. “అయితే మా అమ్మకి సెప్పాల. ఇప్పుడే.”

కృపావతి తల్లి ముత్యాలమ్మ చోడిచేనులో, రాగి మొక్కల మధ్య కలుపు తీస్తోంది. కూతురు చెప్పిందంతా నడుం వంచుకునే విని, నిటారుగా లేచి రవిబాబుని ఎగాదిగా చూసింది.

“మంచోడేనా ఈ గుంటడు?”

“తన తప్పు తనే సెప్తాడమ్మా. తనే సరిజేత్తాడు.”

ముత్యాలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఇంటికి రా నాయనా, అంబలి తాగుదువు గాని,” అని గట్టు మీద ముందు నడిచింది.

రవిబాబు చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె వెనకే నడిచాడు.