రెండు మైకుల డబ్బా

"గిదేం సౌండ్ కార్డు అన్నా? పాట రికార్డు చేస్తే తేనెటీగలు జొరవడ్డట్టు గుయ్యిమంటది!"

నీళ్ళు కారుతున్న గొడుగును గుమ్మంలోనే విదిలించి, సౌందర్య ఆ వేలెడంత ప్లాస్టిక్ ముక్కను కౌంటర్ మీద టక్కున పెట్టింది. కంఠేశ్వర్ బజారులో ఆ కంప్యూటర్ దుకాణానికి ఆమె రావడం ఇది రెండోసారి.

కౌంటర్ వెనకాల శ్రీధర్ తొణకలేదు, బెణకలేదు. "నేను ఆనాడే చెప్పిన గద మేడమ్, గది గేములు ఆడేటోళ్ళకని. ఏదో ఒకటియ్యి, బస్సు పోతదని మీరే అంటిరి."

నిజమే, అన్నది. అన్నందుకే ఇప్పుడు రెట్టింపు కోపం వచ్చింది.

"సరే, ఇప్పుడు మంచిదియ్యి."

"ఇస్త. ముందుగాల ఏం రికార్డు చేస్తరో చెప్పుండ్రి. రీల్సా?"

సౌందర్య ఒక్క క్షణం వాన వైపు చూసింది. పక్క వీధిలోని పిల్లల దవాఖానలో చీటీలు రాసే కౌంటర్ ఆమెది. పొద్దుగూకులు ఊరందరి రోగాలూ వింటుంది. తన ఇంటి సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. పైకి చెబితే అది నిజమైపోతుందని భయం.

"ఆఁ, రీల్సే" అంది.

శ్రీధర్ ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. చెప్పొద్దూ, నవ్వు బాగానే ఉంటుంది, ఆ పూట చూసే మనసే బాగా లేదు.

"అయితే కార్డు గాదు మేడమ్, మీకు ఆడియో ఇంటర్‌ఫేస్ గావాలె. దీనికి అసలైన మైకు పెట్టొచ్చు, గొంతు ఎంత పెంచాలె, ఎంత తగ్గించాలె మన చేతుల ఉంటది. ఒక్క మైకుదియ్యాల్నా, రెండు మైకులదా?"

"ఒక్క గొంతుకు రెండు మైకులెందుకన్నా? అంటగడుతున్నవా?"

"ఒక్క గొంతేనా? పక్కపొంటి ఎవ్వరు పాడరా?"

"ఎవ్వరు పాడరు!"

ఒక్క మైకు డబ్బా, దానికో మైకూ కొనుక్కుని, అతనివైపు తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ ఒక్క గొంతు ఆమె తల్లి రేణుకమ్మది. రుద్రూర్ అవతల వాళ్ళ ఊళ్ళో వరినాట్లు పడితే ముందు రేణుకమ్మ పాట ఎత్తుకోవాలి, తరువాత వరుసలోని ఆడవాళ్ళంతా అందుకోవాలి. అట్లాంటి గొంతులో క్యాన్సర్ పుండు పుట్టింది. ఆపరేషన్ చేసి గొంతు పెట్టె తీసేయాలని హైదరాబాద్ డాక్టర్లు చెప్పేశారు. ప్రాణం నిలుస్తుంది, మాట నిలవదు. తండ్రి లేని సౌందర్యకు ఆ గొంతే ఇల్లు. అది పోయేలోపు దాచిపెట్టుకోవాలి. ఆమెకున్న ఆరాటమంతా అదొక్కటే.

ఇంటికి వచ్చి మైకు పెట్టి, "పాడవ్వా" అంది.

రేణుకమ్మ కూతురిని ఎగాదిగా చూసింది. "ఒక్కదాన్నే పాడుమంటవా? పిచ్చి లేసిందా? అందుకునేటోళ్ళు లేకుంట పాడేది శోకం ఒక్కటేనే. మీ బాపు పోయిననాడు పెట్టిన. ఇప్పుడెవరు సచ్చిండ్రని పెట్టాలె?"

సౌందర్యకు చెంప మీద కొట్టినట్టయింది. చదువుకుంటూ పెరిగిన పిల్ల, గట్టు మీద నిలబడి విన్నదే తప్ప ఏనాడూ మడిలో దిగింది లేదు. పాటంటే ఒక గొంతే అనుకుంది.

పోనీ తానే పక్కన కూర్చుని అందుకుంది. రేణుకమ్మ గొంతు అప్పటికే సన్నబడిపోయింది, దారప్పోగంత. దానికోసం ఇంటర్‌ఫేస్‌లో పెంచితే కూతురి గొంతు విరుచుకుపడుతోంది. తగ్గిస్తే తల్లి గొంతు మాయమవుతోంది. వాడలోని ఆడవాళ్ళను పిలుద్దామంటే నాట్ల కాలం, అందరూ మడుల్లోనే ఉన్నారు.

మరునాడు మళ్ళీ వాన, మళ్ళీ అదే దుకాణం.

"మళ్ళొచ్చిండ్రా?" శ్రీధర్ నవ్వబోయాడు. "రీల్స్‌కు లైకులు వస్తలేవా?"

అంతే. దుకాణానికి వచ్చినవాళ్ళందరి ముందు కౌంటర్ మీద తల ఆనించి సౌందర్య వెక్కివెక్కి ఏడ్చేసింది. దాచుకున్నదంతా చెప్పేసింది. పుండు, ఆపరేషన్, అందుకునేవాళ్ళు లేని పాట, అన్నీ.

శ్రీధర్ ముఖం పాలిపోయింది. "ముందుగాల్నే చెప్పొద్దా?"

"చెప్తే ఏం జేస్తుంటివి?"

"రెండు మైకులదిస్తుంటి. ఒక్క మైకుల రెండు గొంతులు వడితే పాలల్ల నీళ్ళు గలిసినట్టే, మళ్ళ ఇడదీయరాదు. రెండు మైకులుంటే అమ్మ గొంతు అమ్మదే, మీ గొంతు మీదే. ఎవరిది వారికి పెంచుకోవచ్చు." అరలన్నీ వెతికి చేతులు దులుపుకున్నాడు. "దుకాణంల లేదు. నా సొంతది ఇంట్ల ఉంది. ఐతారం నేనే పట్టుకొస్త."

"ఎందుకు నీకు శ్రమ?"

"నవ్విన గద. తెల్వక నవ్విన."

ఆదివారం నాడు రెయిన్‌కోటు తాను వేసుకోకుండా డబ్బాకు చుట్టి, స్కూటీ మీద తడిసి ముద్దయి దిగాడు. రేణుకమ్మకు అతను వెంటనే నచ్చేశాడు. తువ్వాలు ఇచ్చి తల తుడుచుకోమంది.

ఒక మైకు తల్లి ముందు, ఒకటి కూతురి ముందు. శ్రీధర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వేలు లేపాడు. రేణుకమ్మ ఎత్తుకోలేదు.

"ఒక్కతి అందుకుంటే అదొక అందుకునుడేనా? నువ్వు గూడ అందుకో బిడ్డా."

"నేనా? నాకు పాటలు రావమ్మా!"

"నాటేసేటోళ్ళకు సంగీతం నేర్పిండ్రా ఎవరన్న? అను."

అన్నాడు. రేణుకమ్మ ఒక మాట ఎత్తుకుంటే, సౌందర్య మైకు దగ్గరికి జరిగి, ఆమె భుజానికి బెత్తెడు దూరంలో కూర్చుని, శ్రుతి లేకుండా, భయంభయంగా అన్నాడు. రేణుకమ్మ పకపకా నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. బయట వాన తెరిపి ఇవ్వలేదు.

ఆ నెలంతా తీరికైనప్పుడల్లా వచ్చేవాడు. తన చెవుల్లోని హెడ్‌ఫోన్స్ తీసి సౌందర్య చెవులకు పెట్టేవాడు. "విను, ఇక్కడ మీ అవ్వ ఊపిరి తీసుకునుడు గూడ వినవడుతది" అనేవాడు. వింటూ ఆమె కళ్ళెత్తేది. అతను గబుక్కున వైర్లు సర్దుకునేవాడు.

"శ్రీధర్, చాయ్ తాగుతవా?" అని కూతురు అడిగితే రేణుకమ్మ సన్నటి గొంతుతోనే అందుకునేది. "మొన్నటిదాంక అన్న అంటివి గదనే? అన్న ఏడికి పోయిండు?"

సౌందర్య వంటింట్లోకి పారిపోయేది.

ఆపరేషన్ అయిపోయింది. మెడ దగ్గర రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. చూడటానికి వచ్చిన శ్రీధర్‌ను సౌందర్య వరండాలోనే ఆపేసింది.

"ఇంక రాకు శ్రీధర్."

"ఏమైంది?"

"అవ్వ గొంతు పోతుంటే నేను నీ దిక్కు చూసుకుంట సంబురపడ్డ. నిన్ను చూస్తే నా మీద నాకే రోతొస్తది. నీ తప్పేం లేదు. రాకు."

నువ్వు రమ్మనే దాకా రానని చెప్పి అతను వెళ్ళిపోయాడు. అతను పంపిన పాటలను ఆమె ఫోన్లో తెరిచి కూడా చూడలేదు.

ఇల్లు మూగబోయింది. రేణుకమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. ఎవరైనా చూడవస్తే కొంగు కప్పుకునేది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని పక్కకు జరిపేది. డాక్టరు అంతా బాగుందన్నాడు. మనిషి మాత్రం రోజురోజుకీ తరిగిపోతోంది. గొంతు పోతే పోయింది, అవ్వ కూడా పోతుందేమోనని సౌందర్యకు కొత్త భయం పట్టుకుంది.

నిజాంసాగర్ కాలువకు నీళ్ళు వదిలారు. యాసంగి, రెండో పంట నాట్లు మొదలయ్యాయి. రేణుకమ్మ తరువాత వరుసలో పెద్దది ఈరవ్వ. ఒకరోజు గుమ్మంలో కూలబడి, "రేణుకా, నువ్వు లేక మా నోర్లు వడిపోయినయే. పాట లేకుంటె నడుం లేస్తలేదు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గోడ వైపు తిరిగి ఉన్న రేణుకమ్మ భుజాలు కదిలాయి.

సౌందర్య పెరట్లోకి వెళ్ళి ఫోను చేసింది.

"శ్రీధర్... మా గొంతులు తీసేసి, అవ్వదొక్కటే ఉంచి, అందుకునే జాగ ఖాళీగ ఇడిసిపెట్టొస్తదా?"

"ఎప్పుడో చేసి పెట్టిన. నువ్వు అడుగుతవో అడగవో అని ఊకున్న."

మరునాడు పొద్దున పొగమంచులో చార్జింగ్ స్పీకర్ పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి రేణుకమ్మకు శాలువా కప్పి, బతిమాలి గట్టు దాకా నడిపించారు. ఆడవాళ్ళు అప్పటికే మడిలో వంగి ఉన్నారు.

స్పీకర్‌లోంచి రేణుకమ్మ గొంతు లేచింది.

"కాలువ నీళ్ళొచ్చె, కదలండి చెల్లెలో..."

చేతుల్లో నారు పట్టుకుని వరుసంతా బిగుసుకుపోయింది. ఎవరూ అందుకోలేదు. ఎదురుగా మనిషి నిలబడి ఉంది, గొంతు ఇంకెక్కడి నుంచో వస్తోంది. పాట ఖాళీ మీదుగా సాగి రెండో మాటకు వచ్చింది. మళ్ళీ ఖాళీ.

ఒంటరి గొంతు. శోకం. రేణుకమ్మ ముఖం నల్లబడింది. శాలువా లాక్కుని ఇంటి దారి పట్టబోయింది.

సౌందర్య చెప్పులు విడిచేసింది. పిక్కల దాకా బురదలోకి దిగి, "కదలండి చెల్లెలో" అని అరిచినట్టు అందుకుంది. తరువాతి మాటకు గట్టు మీది నుంచి శ్రీధర్ శ్రుతి లేని గొంతు కలిసింది. ఆ తరువాత ఈరవ్వ. ఆ తరువాత మడి మడంతా.

రేణుకమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. తన పాటనే మొదటిసారి వింటున్నట్టు నిలబడిపోయింది. ఆపైన చీర కుచ్చిళ్ళు దోపుకుని మడిలోకి దిగింది, ఈరవ్వ చేతిలోంచి నారు కట్ట లాక్కుంది, వరుస ముందుకు వెళ్ళి వంగింది. వరుస ముందుండే ఆమె జాగాలో ఇన్నాళ్ళూ ఎవరూ నిలబడలేదు.

పాట అయిపోయేసరికి సౌందర్య గట్టెక్కింది. మోకాళ్ళ దాకా బురద, ముఖమంతా నీళ్ళు.

"నేను పోతనా మరి?" అన్నాడు శ్రీధర్.

"ఏడికి?"

"రావొద్దంటివి గద."

"అవు, అంటి. తప్పు మాటంటి. అవ్వ గొంతు నీ దగ్గర పదిలంగ ఉన్నది, నా పానం గూడ ఆడనే ఉన్నది. ఇప్పుడు చెప్తున్న, ఇను."

మడిలోంచి రేణుకమ్మ నడుము నిటారు చేసి ఇటే చూస్తోంది. కూతురి వంక గడ్డం ఎగరేసింది, అడుగు, ఇంకా చూస్తావేం అన్నట్టు.

"మీ అమ్మను తోల్కరా శ్రీధర్. మా అవ్వ మాట్లాడలేదు. మా ఇంటి తరఫున నేనే మాట్లాడుత."

"ఏమని మాట్లాడుతవు?"

"మీ కొడుకును మాకియ్యుండ్రని."

శ్రీధర్‌కు ఈసారి నవ్వు రాలేదు. చేతి వెనకతో కళ్ళు తుడుచుకుని, "రేపే తోల్కొస్త" అన్నాడు.