గోడ పక్కన గాలి

"ఓ సారూ! మా బట్టలకు ఊదుబత్తి పొగ పెడుతున్నరేంది?"

జమున బకెట్ కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసింది. గోదావరిఖని క్వార్టర్ల గోడ పక్కన ఊదుబత్తీలు గుచ్చి, చిన్న ఫ్యాన్ పెట్టుకుని కూర్చున్న యువకుడు ఉలిక్కిపడ్డాడు. పేరు ఋషికేశ్, ఊరు మంథని. బొగ్గు దుమ్ము గోడలకు ఎలా పడుతుందన్న దాని మీద ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నాడు.

"సారీ అండి. గాలి కంటికి కనబడదు గద, పొగతోని చూస్తున్న."

"గాలిని చూసుడేంది?"

"కూసోండి, చూపిస్త."

కోపంగానే కూర్చుంది. దూరంగా ఉన్న పొగ హాయిగా సాగిపోతోంది. గోడను ఆనుకున్నది కదలనంటోంది. ఆ రెంటికీ నడుమ, సన్నని పొరలో, పొగ మెలికలు తిరుగుతూ, విడిపోతూ, మళ్లీ కలుస్తూ ఏదో కలగంటున్నట్టుంది.

"గోడను తాకిన గాలి అక్కడనే ఆగుతది. దూరం పోయినకొద్ది ఉరుకుతది. నడుమదానికి ఆగాల్నా, ఉరకాల్నా తెల్వక సుడులు తిరుగుతది. గా సుడులే దుమ్మును తెచ్చి గోడకు రాస్తయి. టర్బులెంట్ బౌండరీ లేయర్ అంటరు."

"పొగకు గంత పెద్ద పేరా!"

కోపం ఎటు పోయిందో, నవ్వేసింది. ఆ రోజు నుంచి బట్టలు ఆరేయడానికి జమునకు చాలాసేపు పట్టేది.

ఓ శనివారం సన్నని తుంపర. ఊదుబత్తి అంటుకోలేదు.

"రేపు మందమర్రోళ్లు నన్ను చూడవస్తున్నరు. బాపు మాటిచ్చేటట్టే ఉన్నడు."

అతను తడిసిన ఊదుబత్తినే మళ్లీ వెలిగించబోయాడు.

"గాలి గురించి అడిగితే గంటసేపు చెప్తరు. ఇప్పుడు నోరు రాదేంది?"

"నా పానం గా నడుమ పొరల చిక్కింది జమునా. ఆగాల్నా, ఉరకాల్నా..."

"ఉరుకుర్రి!" అని ఆమే ఇంట్లోకి పరుగు తీసింది.

ఆదివారం ఋషికేశ్ జమున ఇంటి తలుపు కొట్టబోతుంటే పక్కింటి లస్మవ్వ చెయ్యి పట్టి ఆపింది. "జమున వాళ్ల బాపు పోశం గనిల నైట్ షిఫ్టు చేసి పండుకున్నడు బిడ్డా. గసువంటి ఇంటి తలుపు ఈడ ఎవలూ కొట్టరు."

అతను ఎండలో మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీలోంచి జమున గుసగుసలాడింది.

"బాపును లేపుతనా? వాళ్లు బస్సెక్కిండ్రట!"

"వద్దు. పిల్లనడగ వచ్చినోణ్ని, నిద్ర చెడగొట్టి అడుగుతనా?"

జమున కిటికీ ఊచలు పట్టుకుని అక్కడే నిలబడింది. వాళ్లే ముందొస్తే? బాపు మాటిచ్చేస్తే?

ఎట్టకేలకు పోశం చెంబుతో బయటకొచ్చాడు.

"ఎవలు బిడ్డా? అంగి అంత చెమటకు తడిసింది! పిలువకపోయినవా?"

"నైట్ డ్యూటీ చేసి వచ్చిండ్రు గద కాకా. నేను ఋషికేశ్‌ను, మాది మంథని. జమునను నాకిస్తరా అని అడగ వచ్చిన."

పోశం కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది గానీ నవ్వు దాచలేకపోయింది.

"మీ మంథనోళ్లు ఒప్పుకుంటరా?"

"అమ్మ ఒప్పుకున్నది. సందు మొగదల ఆటోల కూసున్నది. మీరు లేచినంకనే పిలువుమన్నది."

"ఓరి! ఆడమనిషిని గంతసేపు ఎండల కూసోబెట్టినవా? జమునా, జల్ది చాయ్ పెట్టు. మందమర్రోళ్లకు నేను ఫోన్ చేస్త."

ఋషికేశ్ లేచి పరుగెత్తబోయాడు. "పిలుచుకొస్త కాకా!"

"ఆగు!" అన్నాడు పోశం. "నన్ను కాక అంటే పిల్ల నీకు చెల్లె అయితది. మామ అను."