పూత చూడని మాచిపత్రి

అవ్వ వక్కాకు సంచి అడుగున దొరికిన పాతగుడ్డ మీద బొగ్గుతో గీసినవి మూడే గుర్తులు: రెండుగా చీలిన రాతిగుండు, వాగు, నోరు తెరిచిన గుహ. గుహ పక్కన ఎండిన మాచిపత్రి రెమ్మ ఒకటి కుట్టి ఉంది. బంగారం జాడ దొరికినా సుంకులమ్మ ఆ గుడ్డను అంతగా గుండెకు హత్తుకునేది కాదు.

ఎందుకంటే ఆమె అరెకరం మాచిపత్రి ఆ ఏడు వేరుకుళ్లు తగిలి నిలువునా పోయింది. నాలుగు తరాలుగా ఒకే మొక్క పిలకలు తీసి నాటిన చేను మరి, ఒకదానికి తెగులు పడితే అన్నిటికీ పడినట్టే. చవితికి చుట్టుపక్కల ఊళ్లన్నీ పత్రి కోసం ఆమె గడపకే వచ్చేవి. కొత్త పిలక దొరక్కపోతే ఇక ఆ చేను లేదు, ఆ పేరూ లేదు. ఆ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. పూస్తే వాసన పోతుందని మొగ్గ తొడగ్గానే గోటితో గిల్లేసేవాళ్లు. దాని పూత ఎవరూ చూసి ఎరగరు.

తమ్ముడు మద్దిలేటి, దారి తెలిసిన చెంచు ఈదన్న తోడు రాగా ఆమె ఆ గుడ్డ పట్టుకుని నల్లమలలో మూడు రోజులు నడిచింది. దారి పొడుగునా కనబడిన ప్రతి వయ్యారిభామ మొక్కనూ చూపించి ఇదేనా అక్కా అంటూ మద్దిలేటి ఆమె ప్రాణం తోడేశాడు. ఆకు అచ్చం అలాగే ఉంటుంది, పాడుది! సుంకులమ్మ ఓపిగ్గా ఆకు తిరగేసి చూపేది. మాచిపత్రికి పైన పచ్చన, కింద తెల్లటి నూగు ఉండాలి, నలిపితే వాసన నడినెత్తికెక్కాలి.

మూడో రోజు మధ్యాహ్నం చీలిన గుండు దాటారు, వాగు దిగారు, గుహ కనబడింది. ముళ్లు నరుక్కుంటూ, దివిటీ వెలిగించి లోపలికి పాకారు. కప్పులోని కంతలోంచి ఎండ పడుతోంది. కింద ఊట చెమ్మకు తడిసిన ఇసుక. అందులో మనిషెత్తు పొద ఒక్కటే ఉంది, కొనలన్నీ సన్నటి ఆకులు, గోధుమరంగు పూత గుత్తులు. ఏదో పిచ్చికంప అనుకుని సుంకులమ్మ దాన్ని భుజంతో నెట్టుకుంటూ ప్రతి రాతి సందూ వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చింది.

అక్క ఏడవడం చూడలేక మద్దిలేటి కోపంతో చేతికర్ర కప్పుకేసి విసిరాడు. అది పోయి కప్పుకు వేలాడుతున్న తేనెపట్టుకు తగిలింది. గుహంతా ఒక్కసారి హోరెత్తింది.

"మొగాలు కప్పుకోండి! పచ్చికంప మంట మీదెయ్యండి, పొగ రావాల!" అని ఈదన్న అరిచాడు.

పొదకు దగ్గరున్నది సుంకులమ్మే. దాన్ని రెండు చేతులా పట్టి లాగింది. తడి ఇసుక దాన్ని వేళ్లతో సహా వదిలేసింది. దివిటీ మీద పడేయగానే తెల్లటి పొగ లేచి తేనెటీగలు వెనక్కి తగ్గాయి. ముగ్గురూ పడుతూ లేస్తూ బయటపడ్డారు.

పొగ వాళ్ల వెంటే వచ్చింది. సుంకులమ్మ ఊపిరి పీల్చి నిలబడిపోయింది. ఆ వాసన నడినెత్తికెక్కింది.

వెనక్కి ఉరకబోతే ఈదన్న రెక్క పట్టి ఆపాడు. పొగ తగ్గాక వెళ్లి చూస్తే పొద వేళ్లు కూడా కాలి బొగ్గయ్యాయి. మిగిలింది సగం కాలిన అడుగాకు ఒక్కటే. తిరగేసింది. తెల్లటి నూగు.

"నా చేత్తో నేనే పెరికినాను. యాభై ఏండ్లు పెంచినదాన్ని, దాని పూత ఎట్టుంటాదో తెలీకపోయె గదరా" అంది.

ఇంటికొచ్చాక చేను పత్తికి కౌలుకిచ్చేశారు. ఒకరోజు చీర ఉతకబోతూ ఆమె కుచ్చిళ్లలో చిక్కుకున్న, గుహలోని పూత రాల్చిన గోధుమరంగు పొడి చూసింది. పారేయబోయి, మనసొప్పక ఇసుక కుండలో దులిపింది. నెల గడిచినా ఏమీ రాలేదు. మద్దిలేటి కుండ తీసేస్తానంటే వద్దంది. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటే మొలిచింది. నాలుగాకులు వేశాక భయంభయంగా ఒకటి తిరగేసి చూసింది. తెల్లగా ఉంది.

మొగ్గ తొడిగిన రోజు అలవాటు కొద్దీ ఆమె గోళ్లు దాని మీదికి వెళ్లాయి. అక్కడే ఆగిపోయాయి. చేయి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, కుండ ముందు అలాగే కూర్చుంది.