మెట్లతో సహా ఇల్లు ఒకటి

పొద్దున్నే పర్యోనో బోర్డుకు నీలం రంగు వేస్తూ కూర్చున్నాడు. "సముద్రపు ఒడ్డు బస" అని పేరు కూడా ఖాయం చేసుకున్నాడు. జావాలో పద్దెనిమిదేళ్ళు బస్సు నడిపి, ఊళ్ళు తిరిగేవాళ్ళను మోసి మోసి అలసిపోయాడు. ఇకనైనా వాళ్ళే తన గుమ్మంలోకి నడిచి రావాలన్నది అతని కోరిక. భార్య తెన్రిది మా లప్పతెంగే ఊరే. మా ఊరి సముద్రమూ కొండ గుహలూ చూడటానికి ఈమధ్య దూరదేశాల వాళ్ళు వస్తున్నారు. అందుకే కూడబెట్టిందంతా పెట్టి, ఒడ్డున కొబ్బరి తోపులో ఉన్న హాజీ బెద్దు చెక్క ఇల్లు కొనేశాడు.

ఇల్లంటే ఆషామాషీ ఇల్లు కాదు. మా బుగిస్ వాళ్ళ పాతకాలపు ఇల్లు. నిలువెత్తు స్తంభాల మీద ఉంటుంది. కింద కోళ్ళు, పైన మనుషులు, నాలుగు వైపులా గాలి. బేరం జరిగిన రోజుల్లో తెన్రి మకాస్సర్ పట్నంలో ఉంది, కూతుర్ని నర్సింగు కాలేజీలో చేర్పించడానికి వెళ్ళి. నిన్న సాయంత్రమే దిగింది. దారిలో పుట్టింట్లో ఆగి, తండ్రిని చూసుకుని మరీ వచ్చింది.

"ఏం అల్లుడూ, రంగులేస్తున్నావా?" అంటూ హాజీ బెద్దు తోపులోంచి వచ్చాడు. మా ఊళ్ళో ఒకరి అల్లుడు ఊరందరికీ అల్లుడే.

"రండి హాజీగారూ, కాఫీ తాగుదురుగాని."

"కాఫీకేం తొందర లేదుగానీ, ఇల్లెప్పుడు తీసుకెళ్తున్నావు?"

పర్యోనో పకపకా నవ్వాడు. "ఎక్కడికి తీసుకెళ్తానండీ? ఇంటికేమన్నా కాళ్ళున్నాయా?"

"ఉన్నాయిగా, ఇరవై నాలుగు!" హాజీ స్తంభాల వైపు చెయ్యి చూపించాడు. "మా చిన్నమ్మాయి ఇక్కడ ఇటుకల ఇల్లు కడతానని ఒకటే గొడవ. నువ్వు నేల ఖాళీ చేస్తే పని మొదలెట్టిస్తా."

వంటింటి కిటికీలోంచి తెన్రి తల బయటపెట్టింది. "శుక్రవారం నమాజు అవగానే ఎత్తేద్దాం హాజీగారూ! మా నాన్న అన్నీ చూసుకుంటున్నాడు."

పర్యోనో చేతిలోని కుంచె కిందపడింది. భార్యను చూశాడు, హాజీని చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ వేళాకోళం లేదు. ఒక్క అంగలో మెట్లెక్కి, పెట్టెలోంచి రసీదు తీసుకొచ్చాడు.

"ఇదిగో! ఇల్లు ఒకటి, వంటగదితో, మెట్లతో సహా. మీ చేత్తో మీరే రాశారు!"

"అవును, రాశాను. నేల మాటెక్కడుంది అందులో?"

"మెట్లు రాసిన మనిషి, నేల లేదని ఒక్క ముక్క రాయకూడదా?"

"మెట్లు కొందరు ఇవ్వరయ్యా, విప్పుకుని పోతారు. తర్వాత తగూలొస్తాయి. అందుకని రాశాను. ఇంటితో పాటు నేల ఎవరన్నా అమ్ముతారా?" హాజీ నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయన మోసగాడు కాదు. మా వైపు ఇల్లు వేరు, నేల వేరు. ఇల్లు నచ్చితే కొంటారు, ఊరిని పిలుస్తారు, భుజాల మీద మోసుకుపోతారు. ఈ సంగతి జావా అల్లుడికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరు మాత్రం చెప్తారు?

హాజీ తల గోక్కుంటూ వెళ్ళిపోయాక తెన్రి నవ్వు ఆపుకోలేకపోయింది. మెట్ల మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నేల కూడా మీదేననుకున్నారా? అయ్యో నా దేవుడా! పోనీలెండి, ఇప్పుడు మునిగిందేముంది? ఎలాగూ నాన్న చోటుకే కదా తీసుకెళ్ళేది."

"మీ నాన్న చోటుకా? ఎవరన్నారు?"

తెన్రి నవ్వు ఆగిపోయింది. "ఎవరనాలి? ఇల్లు కొన్నారని వినగానే అందరం అదే అనుకున్నాం. మరి ఎక్కడ ఉందామని కొన్నారు?"

"ఇక్కడే! ఈ ఒడ్డునే. మీ నాన్న దొడ్లో ఉండటానికైతే నాకు ఇంత డబ్బెందుకు? పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరొస్తే నేను అంబో సక్కా అల్లుణ్ణి. అంతే. ఒక్కడికి నా పేరు తెలీదు. నా గుమ్మం ముందు నేను నిలబడాలనుకున్నాను తెన్రీ. అది కూడా తప్పేనా?"

"ఆ మాట నాకెప్పుడన్నా చెప్పారా?"

సరిగ్గా అప్పుడే, భుజాన పేము తీగల మోపుతో, చెమటలు కక్కుతూ మామగారు ఊడిపడ్డాడు. డెబ్బై దాటినా మనిషి గట్టివాడు. ఆ పూట ఆయన ముఖం పెళ్ళివారి ముఖంలా ఉంది.

"అల్లుడూ! వెదుళ్ళు వచ్చేశాయి. కట్టడానికి పేము ఇదిగో. ఇళ్ళు ఎత్తించే లా మద్దుతో మాట్లాడాను, శుక్రవారం మంచిదన్నాడు. ఇంకేం..."

"ఎవరడిగారు మిమ్మల్ని?"

ఆ గొంతు పర్యోనోకే కొత్తగా వినిపించింది. అయినా ఆగలేదు. పొద్దుటి అవమానమంతా ఆ ముసలాయన మీద పడింది. "నన్ను ఒక్క మాట అడిగారా? ఊరంతా కలిసి నిర్ణయించేశారు. మీ వాకిట్లో, మీ కళ్ళ ముందు, మీరు పొమ్మనేదాకా పడి ఉండటానికి కాదు నేను ఇల్లు కొన్నది!"

అంబో సక్కా మోపును మెల్లగా దించి, స్తంభానికి ఆనించాడు. కూతురి వైపు కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

తెన్రి అరవలేదు. అరిచి ఉంటే పర్యోనోకి కాస్త నయంగా ఉండేది. ఆమె తలగుడ్డ సర్దుకుని, "రండి, ఒకటి చూపించాలి," అంది.

కొండవాలు మీది తండ్రి తోటకు తీసుకెళ్ళింది. పర్యోనో ఎరిగిన తోట కాదది. ఆయన ఇంటి వెనక దట్టంగా నీడపట్టున ఉండే చోట ఎండ కాస్తోంది. పదకొండు లవంగం చెట్లు మొదళ్ళ దాకా కొట్టేసి ఉన్నాయి. నేల చదును చేసి, తాడు పట్టి కొలిచి, వరసగా రాళ్ళు పాతి ఉన్నాయి. అతను లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. ఒక్కో స్తంభానికీ ఒక్కో రాయి.

"నేను పుట్టిన ఏడు నాటాడు," అంది తెన్రి. "నా చదువు వీటి మీదే. అమ్మ పోయేదాకా ఆమె మందులూ వీటి మీదే. రెమ్మ విరిస్తే మీద పడి కొట్టేవాడు. ఇల్లు కొన్నారని విన్న మర్నాడే గొడ్డలి పట్టాడట. ఎవర్నీ సాయం పిలవలేదట. మా అల్లుడు ఇల్లు తెస్తున్నాడని దారిన పోయే ప్రతివాడికీ చెప్పాడట. నిన్న నన్ను ఇక్కడికే తీసుకొచ్చి చూపించాడు. చూడు, ఇక్కణ్ణించి సముద్రం మొత్తం కనిపిస్తుంది, వచ్చేవాళ్ళకు బాగుంటుంది కదా అన్నాడు."

నిజంగానే మొత్తం కనిపిస్తోంది. పడవలు, దీవులు, అవతలి ఒడ్డు కొస దాకా. పర్యోనో ఒక మొదలు మీద కూర్చున్నాడు. నరికిన చోట ఇంకా లవంగం వాసన వస్తోంది. రెండు చేతులతో ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చాడు. తెన్రి ఓదార్చలేదు, అలాగని వదిలి వెళ్ళనూ లేదు.

మధ్యాహ్నం మన్నించమని అడగడానికి మామగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. కాఫీ ఇచ్చాడుగానీ మాట కలపలేదు. మర్నాడూ అంతే.

"నాన్నతో నన్ను మాట్లాడమంటారా?" అంది తెన్రి.

"వద్దు. అన్నది నేను. అడగాల్సిందీ నేనే."

ఇల్లు ఎత్తాలంటే యజమాని స్వయంగా గడప గడపకూ వెళ్ళి పిలవాలి. ఆ రాళ్ళ మీదికే ఇల్లు మోయించాలని పర్యోనో బయల్దేరాడు. అప్పటికే అతని కథ ఊరంతా పాకింది. పడవల దగ్గర ఒకడు, "అన్నా, సముద్రం కూడా రసీదులో ఉందా?" అన్నాడు. ఇంకొకావిడ, "మెట్లు భద్రం నాయనా!" అంది. అన్నిటికీ తల వంచుకుని, "శుక్రవారం రండి," అన్నాడు. వస్తారన్న నమ్మకం మాత్రం అతనికి లేదు. బస్సులో పద్దెనిమిదేళ్ళు మనుషుల్ని మోశాడు, అతని కోసం ఎవరూ ఏదీ మోసిన గుర్తు లేదు.

శుక్రవారం నమాజు ముగిసింది. మసీదు మెట్లు దిగిన మగవాళ్ళు దిగినట్టే, లుంగీలు ఎగగట్టి కొబ్బరి తోపు దారి పట్టారు. జాలర్లు, బడి పంతుళ్ళు, పక్క ఊరి వాళ్ళు. వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆడవాళ్ళు అప్పటికే అరిటాకుల్లో ఆవిరి మీద ఉడికించిన అరటిపండు పిండివంట తట్టల్లో పేర్చి, టీ కాస్తున్నారు. అందరికన్నా ముందు వచ్చి వెదుళ్ళు కడుతున్నది హాజీ బెద్దే. అమ్మినవాడు మోయడానికి రావడం పర్యోనో ఎక్కడా చూడలేదు. కూలి అడిగినవాడు లేడు, పేరు చెప్పుకున్నవాడు లేడు. ఇంతమంది ఉన్న ఊళ్ళో ఒంటరిగా నిలబడాలని తానెందుకు అంత తాపత్రయపడ్డాడో అతనికే అర్థం కాలేదు.

లా మద్దు కేక వేశాడు. రెండొందల గొంతులు బదులు పలికాయి. ఇల్లు కిర్రుమంది, ఊగింది, గాల్లోకి లేచింది. పర్యోనో ముందు వరసలో, వెదురు కింద భుజం పెట్టి నడిచాడు. తోపు దాటారు, బాట దాటారు, కొండవాలు ఎక్కారు. ఇంటి కిటికీ తలుపు ఒకటి దారి పొడవునా టపటప కొట్టుకుంటూనే ఉంది.

రాళ్ళ దగ్గరికి రాగానే లా మద్దు చెయ్యెత్తాడు. అందరూ ఆగారు. నేల యజమాని సరే అన్నాకే దించాలి. మామూలుగా అయితే ఆ మాట నవ్వులాటలో అయిపోతుంది. అంబో సక్కా మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. సరే అనలేదు.

"మామయ్యా!" వెదురు కింద నుంచే పిలిచాడు పర్యోనో. "అనకూడని మాట అన్నాను. మన్నించండి. నాకు కాస్త చోటివ్వండి."

"నా వాకిట్లో నిలబడలేనన్నావుగా?"

"ఇప్పుడు నిలబడటమే కష్టంగా ఉంది మామయ్యా. భుజం విరిగిపోతోంది."

వెదుళ్ళ కింద నవ్వులు పుట్టాయి. "ఒరే సక్కా," అని మూలిగాడు హాజీ బెద్దు, "అలక తర్వాత తీర్చుకుందువుగాని, ముందు దించమను. ముసలి ఎముకలురా ఇవి!"

ముసలాయన నవ్వలేదు. అల్లుడి దగ్గరికి వచ్చాడు.

"ఆ చెట్లు నీ ఇంటి కోసం కొట్టలేదు," అన్నాడు. "పొద్దున పెరటి తలుపు తీస్తే చెట్లే కనపడుతున్నాయి. మనుషులు కనపడాలని కొట్టాను. నిన్నెందుకు పొమ్మంటానురా?"

పర్యోనో కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. చేతులు రెండూ వెదురు మీదే ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు. టీ పళ్ళెం పక్కనపెట్టి పరుగున వచ్చిన తెన్రి తలగుడ్డ కొంగుతో తుడిచింది.

అంబో సక్కా వంగి, అల్లుడి పక్కన వెదురు కిందికి దూరి, తన భుజం కూడా ఆనించాడు.

"గట్టిగా పట్టు," అన్నాడు. "మెల్లగా దించుదాం."