పడుగుకు ముంతెడు గంజి

గరిటె చేతికొస్తే మనిషికి కాస్త పొగరు వస్తుంది. నాకు కాస్త కాదు, బాగానే వచ్చింది.

1952 ఎండాకాలం. వానలు మొహం చాటేసి ఏళ్లు గడిచాయి. కర్నూలు కాలేజీకి సెలవులు ఇవ్వగానే కోడుమూరు గంజి కేంద్రంలో వాలంటీరుగా చేరాను. ఖద్దరు చొక్కా, జేబులో లిస్టు, చేతిలో గరిటె. కేంద్రం చూసే తిమ్మయ్య మాస్టారు చెప్పిన రూలు ఒకటే. లిస్టులో ఉన్నవాళ్లకు మనిషికి రెండు గరిటెలు, అక్కడే తాగి పోవాలి.

మూడో రోజు ఒక అమ్మాయి తన వంతు తాగేసి, ఓణి చాటునుంచి ఇత్తడి ముంత తీసి నా ముందు పెట్టింది.

“ఇదేంది?”

“పడుగుకు. నూలుకు గంజి పెట్టల్ల.”

నేనూ ఎమ్మిగనూరు నేత ఇంటి పిల్లాణ్ణే. పడుగు దారాలకు గంజి పట్టిస్తేనే పోగు గట్టిపడుతుందని, మగ్గం మీద తెగదని నాకెవరూ చెప్పక్కరలేదు.

“మనుషులకే చాలకుంటే నూలుకు పోయల్నా పాపా?”

“నూలు నేస్తేనే గదప్పా మనుషులు తినేది!”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి. మాస్టారు పక్కనుంచి, “పొయ్యి మహానందీ, పొయ్యి,” అన్నాడు. పోశాను.

ఆమె కదల్లేదు. “రోంత ఉప్పు. ఒక ఉల్లిగడ్డ గూడ.”

“పడుగు ఉల్లిగడ్డ నంజుకుంటాదా?”

“మా పడుగు నంజుకుంటాది. నీకేమన్నా కష్టమా?” అని ఒక చూపు చూసింది. ఆ చూపుకు ఒకటికి రెండు ఉల్లిగడ్డలిచ్చి పంపాను.

పేరు ఉరుకుందమ్మ అనీ, మగ్గాల వీధి పెద్ద ఈరన్న కూతురనీ సాయంత్రానికల్లా తెలుసుకున్నాను. లిస్టు కోసమేనని నాకు నేనే చెప్పుకున్నాను.

రోజూ అదే ముంత, అదే మాట, అదే చూపు. ఐదో రోజు ఉండబట్టలేక వెంట వెళ్లాను. మగ్గాల వీధిలో పడుగులు సాగదీసే కర్రలు ఊరికే నిలబడి ఉన్నాయి. ఎక్కడా పోగు లేదు. ఉరుకుందమ్మ చివరి ఇంటి ముందు ఆగి ముంత అందించింది. తలుపు సందులోంచి ఒక ముసలామె చేయి చాపి అందుకుంది.

నన్ను వెర్రివాణ్ణి చేశారనిపించింది. నా గొంతు మామూలుగానే పెద్దది.

“పడుగు యాడ ఉండాది పాపా? నాలుగు నెల్లుగా ఈ వీధిలో మగ్గం ఆడలేదంట గదా! అవ్వ తాగేదానికి పడుగు పేరేమిటికి? లిస్టులో పేరు రాపిచ్చి లైన్లో నిలబడమను. అందరూ నిలబడ్లేదా?”

వీధంతా తలలు బయటికొచ్చాయి. ముసలామె నా వైపు ఒక్కసారి చూసింది. ముంతను గడప మీద పెట్టి తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ఉరుకుందమ్మ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

“సిద్దమ్మవ్వకు మొగుడు ల్యాడు, పిల్లల్లేరు. ఆయప్ప పోయినాక తనే మగ్గంగుంతలో దిగి నేసింది. ఎవురి చేతికిందా బతకలేదు. నూలు రాక మగ్గం నిల్చిపోయినప్పట్నుంచి గడప దాటి రాలేదు. పడుగుకని నేను తెస్తాండా, పడుగుకని అవ్వ తీసుకుంటాంది. నిజమేందో ఇద్దరికీ తెల్సు. నువ్వొచ్చి ఊరందరికీ చెప్తివి. ఇంక ఎట్ల తాగుతాదప్పా?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మర్నాడు కూడా ముంత నిండుగానే గడప మీద ఉంది, చీమలు పట్టి. తలుపు దగ్గర నిలబడి ఎన్నోసార్లు తప్పైందన్నాను. తలుపు తీయలేదు.

“నీళ్లు తాగుతాండాది, అంతే,” అంది ఉరుకుందమ్మ నన్ను చూడకుండా. “ఇట్లే ఉంటే ఇంకెన్ని దినాలు బతుకుతాది?”

తెల్లారి మొదటి బస్సుకే ఎమ్మిగనూరు పోయాను. కాబోయే కోడలికి పెళ్లి చీర నేయించాలని మా అమ్మ చుట్టలు చుట్టిన ఎర్ర నూలు చిలపలు పెట్టెలో దాచింది. ఎంత కరువొచ్చినా వాటిని అమ్మలేదు. అవి ఇమ్మని, జరిగిందంతా చెప్పాను.

అమ్మ అంతా విని, “ఆ పిల్ల ఎట్లుంటాది?” అంది.

“నన్ను తిడ్తాది.”

“అయితే తీస్కపో.”

సాయంత్రానికి సిద్దమ్మవ్వ తలుపు ముందున్నాను. మెట్టు మీద ఉరుకుందమ్మ ముంత పట్టుకుని కూర్చుని ఉంది. నా చంకలోని మూట చూసి కళ్లు పెద్దవి చేసింది.

“అవ్వా, మొన్న అరిచినోన్ని. చీర నేపిచ్చుకుందామని వచ్చినా. నూలు తెచ్చినా.”

లోపలినుంచి నీరసంగా వినపడింది. “ఎవురికి?”

బస్సులో వంద రకాలుగా అనుకున్నాను. చివరికి నోటికొచ్చింది ఇంతే.

“ఈడ మెట్టు మీద కూర్చున్న పాపకు. పెండ్లి చీర.”

“ఏమీ!” ఉరుకుందమ్మ లేచి నిలబడింది. “నన్నడిగినావా?”

“ఇప్పుడు అడుగుతాండా. ఇష్టం ల్యాకపోతే ఊరికే కట్టుకో. అవ్వ మాత్రం నేయల్ల.”

గడియ తీసిన చప్పుడైంది. సిద్దమ్మవ్వ నా మొహం చూడలేదు. నూలును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

“మంచి నూలే. కూలి?”

“నువ్వు చెప్పినంత అవ్వా.”

“పూటకింత గంజి. పనైపోయేదాకా.”

గడప మీద కూర్చుని, ఉరుకుందమ్మ చేతిలోని ముంత అడిగి తీసుకుని, మా ఎదురుగానే ఆఖరి చుక్కదాకా తాగింది. ఉరుకుందమ్మ ఓణితో కళ్లు తుడుచుకుంది. నేను చొక్కా చేతితో తుడుచుకున్నాను.

“నా మాటకు జవాబు?” అన్నాను.

“ముందు ఈ నూలు కండెలకు చుట్టు, చూస్తాం.”

చుట్టాను. నేను చుట్టినవన్నీ ఆమె విప్పి మళ్లీ చుట్టింది. వీధిలో ఎర్ర పడుగు సాగదీసిన రోజు నాలుగు ఇళ్లవాళ్లు పిలవకుండానే వచ్చి చెయ్యి వేశారు. సరిగ్గా ఆ సాయంత్రమే, ఎన్నాళ్లకో, వాన! “నూలు! నూలు!” అని అవ్వ కేకలు. అందరం పరుగెత్తి పడుగు చుట్టేశాం. వసారాలో తడిసిన ఉరుకుందమ్మ, తడిసిన నేను, మధ్యలో తడవని నూలు.

“ఇష్టమే,” అంది ఆమె వానను చూస్తూ. “మా నాయన్ను నువ్వే అడగల్ల.”

నాకు ధైర్యం చాలలేదు. అవ్వతో చెప్పుకున్నాను. ఆమె నవ్వి మగ్గంగుంతలోకి దిగింది. పన్నెండు రోజుల్లో అయ్యే చీరను నెలన్నర నేసింది. ఎవరమూ తొందరపెట్టలేదు.

చీర మగ్గం మీదినుంచి దిగిన రోజు అవ్వ దాన్ని మడిచి చేత పట్టుకుని వీధి ఆ కొస నుంచి పెద్ద ఈరన్న ఇంటిదాకా నడిచింది. వెనక నేను. ఈరన్న గాబరాగా మంచం వాల్చాడు.

“ఏమవ్వా, నువ్వే వస్తివి! ఏమన్నా కావల్నా?”

“కావాల ఈరన్నా. నీ బిడ్డను ఈ పిల్లోనికి ఇయ్యి. ఈని తట్టు పెద్దమనిషిగా వచ్చినా.”

ఆకలితో తలుపు మూసుకున్నప్పుడు కూడా ఎవరినీ ఏదీ అడగని మనిషి, నాకోసం అడిగింది. ఈరన్న ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి, లోపలికి తిరిగి కూతుర్ని పిలిచాడు. ఉరుకుందమ్మ వచ్చి ముందు అవ్వ కాళ్లకు మొక్కింది. తర్వాత చీర అందుకుంది.